కంచం చోట గ్లాసు

ఆషాఢంలో తొలి ఏకాదశి వస్తే పేలపిండి చేసుకోవడం తెలుగువాళ్లకు చాలా చోట్ల ఆనవాయితీ. జొన్న పేలాలు దంచి, బెల్లం, యాలకులు కలిపి, దేవుడి ముందు పెట్టి, ఇంటిల్లిపాదీ తలా గుప్పెడు తింటారు. తెలంగాణలో సద్దుల బతుకమ్మ నాడు పెసర సత్తు, నువ్వుల సత్తు, పల్లి సత్తు పట్టుకుని చెరువు గట్టుకు వెళ్తారు. ఈ సత్తు చాలా పాత మాట. సంస్కృతంలో సక్తు. ఋగ్వేదం పదో మండలంలోనే జల్లెడ పట్టిన సక్తువుతో ఒక పోలిక ఉంది. బీహారులో శనగ సత్తు నేటికీ కష్టజీవి పగటి తిండి. టిబెట్‌లో వేయించిన బార్లీ పిండి త్సంపా రోజువారీ ఆహారం. వీటన్నిటి వెనకా ఉన్న కిటుకు ఒక్కటే. గింజను వేయిస్తే తేమ పోతుంది, పురుగు తొందరగా పట్టదు, పచ్చివాసన పోయి తేలిగ్గా అరుగుతుంది. విసిరితే మూటకట్టుకుని ఎంత దూరమైనా పట్టుకుపోవచ్చు, పొయ్యి రాజేయకుండా నీళ్లలోనో మజ్జిగలోనో కలుపుకుని తాగొచ్చు. కాబట్టి పొడి తిండిని కొత్త వింతగా చూడాల్సిన పనిలేదు. కొత్తది వేరే ఉంది. ఒకే ఒక్క పొడిలో మనిషికి కావలసినదంతా ఉందనీ, గ్లాసెడు కలుపుకు తాగితే ఇక కంచం ముందు కూర్చోనక్కర్లేదనీ చెప్పే మాట కొత్తది. దాని వయసు నూట యాభై ఏళ్ల పైచిలుకు మాత్రమే. ఆ నూట యాభై ఏళ్ల చరిత్ర చూస్తే పొడి తిండికి తోడుగా వచ్చిన ప్రతిచోటా నిలదొక్కుకుంది, తిండిని లేపేసి దాని పీట మీద కూర్చోబోయిన ప్రతిచోటా ఏదో ఒక రూపంలో వెనక్కి తగ్గింది. ఎందుకలా జరిగిందన్నదే ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది.

తోడుగా వచ్చిన పొడికి మనింట్లో మంచి ఉదాహరణ ఉగ్గు. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలక రాగానే ఎండబెట్టి, దోరగా వేయించి విసురుతారు. ఈ మొలకలో ఒక రహస్యం ఉంది. గింజ మొలకెత్తేటప్పుడు అమైలేజ్ అనే ఎంజైము పుట్టి పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొడుతుంది. అందుకే మొలకరాగి జావ ఎక్కువ పిండి వేసినా గట్టిపడకుండా పలచగా జారుతుంది. పసివాడి పొట్ట చిన్నది. మామూలు పిండితో కాచిన చిక్కటి జావ నాలుగు చెంచాలతోనే పొట్ట నింపేస్తుంది, బలం మాత్రం అంతగా చేరదు. మొలకపిండి కలిపితే అదే నాలుగు చెంచాల్లో ఎక్కువ గింజ ఇముడుతుంది. బరోడాలో తారా గోపాల్‌దాస్ వంటి పోషకాహార శాస్త్రవేత్తలు 1980లలో ఈ సంగతిని ప్రయోగశాలలో కొలిచి చూపించారు. తల్లులకు అది చేతివాటంగా ఎప్పటినుంచో తెలుసు. ఈ పద్ధతిలో పిండి ఎప్పుడూ తల్లిపాలకు తోడే, పళ్లు వచ్చేదాకా సాగే వంతెనే. ఏడాది దాటాక బిడ్డ మెత్తగా పిసికిన పప్పన్నానికి మళ్లుతుంది.

యూరప్‌లో ఇదే మొలక కిటుకును జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ 1860లలో పట్టుకున్నాడు. గోధుమ పిండి, మొలకెత్తిన బార్లీ పిండి, పాలు కలిపి పసిపిల్లలకు ఒక ఆహారం తయారుచేశాడు. 1867లో స్విట్జర్లాండ్‌లోని వెవేలో హెన్రీ నెస్లే పాలు, గోధుమలతో తన పిల్లల పిండిని అమ్మకానికి పెట్టాడు. ఇంగ్లండ్ నుంచి వెళ్లిన జేమ్స్, విలియం హార్లిక్ సోదరులు 1873లో షికాగోలో వ్యాపారం మొదలుపెట్టి, 1883లో వేడినీళ్లలో కరిగే మాల్టు పాలపొడికి పేటెంటు తీసుకున్నారు. ఇక్కడిదాకా అది మన ఉగ్గు లాంటిదే. తేడా వచ్చింది లీబిగ్ నమ్మకంతో. ఆహారం అంటే ప్రొటీను, కొవ్వు, పిండిపదార్థం, లవణాలు, అంతేనని అతని తరం రసాయన శాస్త్రం నమ్మింది. ఈ నాలుగింటినీ తూకం ప్రకారం కలిపితే తిండి తయారవుతుందన్నది ఆ నమ్మకంలోంచి నేరుగా వచ్చే లెక్క. 1894లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త బెర్తెలో ఒక విందులో మాట్లాడుతూ, 2000 సంవత్సరం నాటికి పొలాలూ పశువులూ అక్కర్లేకుండా మనుషులు చిన్న చిన్న బిళ్లలతో కడుపు నింపుకుంటారని జోస్యం చెప్పాడు.

ఆ జోస్యానికి ముందే దానికి జవాబు వచ్చేసింది, అదీ బెర్తెలో ఊళ్లోనే. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో పారిస్ ఆసుపత్రుల్లో ఎముకల నుంచి తీసిన జెలటిన్‌తో పేదలకు సూప్ పోసేవారు. మాంసంలో ఉన్న నత్రజని ఇందులోనూ ఉంది కదా, చవకగా పని జరిగిపోతుందని లెక్క. మజాండీ నాయకత్వంలోని విజ్ఞాన అకాడమీ సంఘం ఏళ్ల తరబడి కుక్కల మీద పరీక్షలు చేసి, జెలటిన్ ఒక్కదానితో ప్రాణం నిలవదని 1841లో నివేదించింది. అంతకంటే దారుణమైన పరీక్ష 1870 చివర్లో ప్రష్యన్ సైన్యం పారిస్‌ను ముట్టడించినప్పుడు వచ్చింది. నగరంలో పాలు అయిపోయాయి. కొందరు రసాయన విద్య తెలిసినవాళ్లు కొవ్వు, ప్రొటీను, చక్కెర కలిపి కృత్రిమ పాలు చేశారు. ఆ పాలు పసివాళ్లను బతికించలేకపోయాయి. ముట్టడి చూసిన రసాయన శాస్త్రవేత్త డ్యూమా, పాలలో మనకు తెలియనిదేదో ఉందని, తెలిసిన భాగాలన్నీ కలిపినంత మాత్రాన పాలు కావని 1871లో రాశాడు. తన శాస్త్రం ఓడిన చోటును దాచకుండా చెప్పిన అలాంటి శాస్త్రవేత్తల మీద నాకు ఎంతో గౌరవం. పదేళ్ల తర్వాత దోర్పాత్ విశ్వవిద్యాలయంలో నికొలాయ్ లూనిన్ ఎలుకలతో ఇదే తేల్చాడు. శుద్ధి చేసిన ప్రొటీను, కొవ్వు, చక్కెర, లవణాలు తిన్న ఎలుకలు చచ్చిపోయాయి, పాలు తాగినవి బతికాయి.

తెలియని ఆ పదార్థాలకు తర్వాత విటమిన్లని పేరొచ్చింది. అవి ఒక్కొక్కటిగా బయటపడిన కథలో ఒక ముఖ్యమైన అధ్యాయం మనవాడిది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో పేద గర్భిణులకు వస్తున్న తీవ్రమైన రక్తహీనతను పరిశీలించింది. అప్పటికి తెలిసిన మందులు పనిచేయని చోట ఈస్టు సారమైన మార్మైట్ పనిచేసింది. అందులో ఏముందో ఎవరికీ తెలియదు. ఆ వెతుకులాట పదిహేనేళ్లు సాగింది. భీమవరంలో పుట్టి, సోదరులను స్ప్రూ జబ్బుకు పోగొట్టుకుని అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ ప్రయోగశాల బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. ఈనాడు బజారులో దొరికే చాలా పోషకాహారపు డబ్బాల మీద ఫోలిక్ ఆమ్లం పేరు ఉంటుంది. 1940లో ఎవరైనా సంపూర్ణాహారమని ఒక పొడి చేసి ఉంటే అందులో అది ఉండేది కాదు. ఆ పొడినే నమ్ముకున్న గర్భిణికి ఏం జరిగేదో బొంబాయిలో లూసీ విల్స్ కళ్లారా చూసింది. ఆకుకూర, పప్పు తినే మనిషికి మాత్రం ఫోలిక్ ఆమ్లం పేరు తెలియకపోయినా అది అందుతూనే ఉంది.

మన దేశంలో పొడి పాతుకున్న తీరు కూడా దీన్నే బలపరుస్తుంది. 1960లో పంజాబ్‌లోని నాభాలో గేదెపాలతో హార్లిక్స్ తయారీ మొదలైంది. 1970లలో రాజమండ్రి పక్కన ధవళేశ్వరంలో ఇంకో కర్మాగారం వచ్చింది. ఆసుపత్రిలో ఉన్నవాళ్లను పలకరించడానికి వెళ్లేవారి చేతిలో బత్తాయిలతో పాటు ఆ సీసా తప్పనిసరైంది. ఖాళీ అయిన సీసా వంటింట్లో కందిపొడికీ ఆవకాయకీ పనికొచ్చింది. గమనించాల్సింది ఏమిటంటే, అన్నం మానేసి హార్లిక్స్ తాగమని తెలుగింట్లో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే బడికి పోయే పిల్లవాడికి, రాత్రి పడుకోబోయే ముసలాయనకు, జ్వరం తగ్గి నోరు చేదైన మనిషికి అది పాలలో కలిసే అదనపు గ్లాసు. ప్రకటనలు అంతకంటే పెద్ద మాటలు చెప్పబోయినప్పుడే అభ్యంతరాలు వచ్చాయి. పిల్లలను పొడుగ్గా, బలంగా, చురుగ్గా చేస్తుందన్న ప్రకటనను రుజువు చాలదని 2008లో బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ అక్కడ ఆపించింది. ఆరోగ్య పానీయం అన్న మాటకు మన ఆహార భద్రతా చట్టంలో నిర్వచనమే లేదని చెప్పి, ఇలాంటి పొడులను ఆ శీర్షిక కింద అమ్మవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్రం ఆన్‌లైన్ అంగళ్లను ఆదేశించింది.

పొడిని వ్యాపారం కోసం కాక, ఆకలి తీర్చాలన్న నిజమైన తపనతో తయారుచేసినవాళ్ల కథ వేరు. వాళ్ల ఓటమి నుంచి నేర్చుకోవాల్సింది కూడా ఎక్కువ. 1940లలో లాస్ ఏంజెలెస్‌లో ఫలహారశాల నడిపే క్లిఫర్డ్ క్లింటన్, మూడు సెంట్లకే ఒక పూట పోషణ ఇచ్చే పదార్థం కావాలని జీవ రసాయన శాస్త్రవేత్త హెన్రీ బోర్సూక్‌ను అడిగాడు. సోయాతో బహుళార్థ ఆహారం పుట్టింది. 1950లో మైసూరులో ఏర్పడిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ దాన్ని మన పంటలకు మార్చింది. నూనె తీసిన వేరుశనగ పిండి మూడు పాళ్లు, శనగపిండి ఒక పాలు. ఆ కాలంలో ప్రపంచమంతా ప్రొటీను కొరత మాటే. పేద దేశాల పిల్లలకు లోపించింది ప్రొటీనే కాబట్టి ప్రొటీను పొడి పంచితే సమస్య తీరుతుందని ఐక్యరాజ్యసమితే 1968లో ముంచుకొస్తున్న ప్రొటీను సంక్షోభం గురించి నివేదిక ఇచ్చింది. ఈలోగా 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, దానికి కారణం వేరుశనగ చెక్కకు పట్టిన బూజులోని అఫ్లటాక్సిన్ విషమని తేలింది. అప్పటినుంచి వేరుశనగ పిండి మీద అనుమానం పడింది. బహుళార్థ ఆహారం సహాయ శిబిరాలకూ కొన్ని బడులకూ చేరింది గానీ ఇళ్లలో పొయ్యి దగ్గరికి రాలేదు.

ఈ ప్రొటీను నమ్మకానికి అసలు దెబ్బ తగిలింది హైదరాబాద్‌లో. కూనూరులో పుట్టిన పోషకాహార పరిశోధనాలయం 1950ల చివర్లో హైదరాబాద్‌కు మారి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. దాని డైరెక్టర్ సి. గోపాలన్, ఒంటికి నీరు పట్టే క్వాషియార్కర్ పిల్లలనూ ఎముకల గూడైపోయే మరాస్మస్ పిల్లలనూ పోల్చి చూశాడు. మొదటిది ప్రొటీను లేక, రెండోది కేలరీలు లేక వస్తాయన్నది అప్పటి పాఠం. ఇద్దరి ఇళ్లలోనూ తిండి ఒకటేనని, లోటు ప్రొటీనులో కంటే మొత్తం తిండిలోనే ఉందని ఆయన బృందం చెప్పింది. 1973లో వెలువడిన వాళ్ల పరిశోధనలో, హైదరాబాద్ చుట్టుపక్కల పల్లె పిల్లలకు ఏడాదికి పైగా రోజూ అదనంగా ఇచ్చింది సుమారు 310 కేలరీలు, 3 గ్రాముల ప్రొటీను. గోధుమ, చక్కెర, నూనెలతో చేసిన మామూలు తినుబండారం. దాన్ని తిన్న పిల్లలు తినని పిల్లలకంటే ఎత్తూ బరువూ స్పష్టంగా ఎక్కువ పెరిగారు. ఇంట్లో తినే అన్నం, జొన్నరొట్టె, పప్పులోనే పెరుగుదలకు సరిపడా ప్రొటీను ఉందని, పిల్లలకు కరువైంది కడుపు నిండా తిండేనని దానర్థం. మరుసటి ఏడాదే లాన్సెట్ పత్రికలో డొనాల్డ్ మెక్‌లారెన్ ప్రొటీను సిద్ధాంతాన్ని ఘోర వైఫల్యమన్నాడు. జాతీయ పోషకాహార సంస్థే హైదరాబాద్ మిక్స్ కూడా ఇచ్చింది. వేయించిన గోధుమ 40 గ్రాములు, శనగపప్పు 16, పల్లీ 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాముల్లో 330 కేలరీలు, 11.3 గ్రాముల ప్రొటీను. దీన్ని చదివితే సద్దుల బతుకమ్మ సత్తు గుర్తొస్తుంది. ఇది చిక్కిపోయిన బిడ్డను మళ్లీ ఇంటి తిండికి చేర్చడానికి. దీంతోనే బతకమని అది ఎవరినీ అడగలేదు.

పేదలకు పంచిన పొడి ఇలా ఉంటే, తిండి ఎక్కువై బాధపడుతున్న దేశంలో అదే పొడి ఇంకో వేషం వేసుకొచ్చింది. 1959లో అమెరికాలో వచ్చిన మెట్రికాల్, రోగుల కోసం చేసిన పానీయాన్ని సన్నబడాలనుకునే వాళ్లకు మళ్లించింది. రోజుకు నాలుగు గ్లాసులు, 900 కేలరీలు, వేరే ఏమీ తినొద్దు. ఒకటి రెండేళ్లు ఊపేసి చల్లబడింది. 1970ల మధ్యలో పశువుల తోళ్ల నుంచి తీసిన కొల్లాజెన్‌తో చేసిన ద్రవ ప్రొటీను మీదే నెలల తరబడి ఉండమన్న పద్ధతి వచ్చింది. గుండె లయ తప్పి సుమారు 60 మంది చనిపోయినట్టు అమెరికా ఆరోగ్య అధికారుల దృష్టికి వచ్చింది. పారిస్ జెలటిన్ సూప్ పాఠం నూట ముప్ఫై ఏళ్ల తర్వాత మళ్లీ మనుషుల ప్రాణాలతో నేర్చుకోవాల్సి వచ్చిందంటే బాధగా ఉంటుంది. 2013లో శాన్ ఫ్రాన్సిస్కోలో రాబ్ రైన్‌హార్ట్ అనే యువ ఇంజినీరు తిండి మానేశానని ప్రకటించి సాయిలెంట్ పొడికి జనం నుంచి పది లక్షల డాలర్లకు పైగా సేకరించాడు. మూడేళ్లకు ఆ కంపెనీ కాఫీ రుచితో పొద్దుటి పానీయాన్ని అమ్మకానికి పెట్టింది. హార్లిక్స్ మనింట్లో వెతుక్కున్న వేళనే ఇదీ వెతుక్కుంది.

ఈ వాదనకు ఎదురయ్యే బలమైన ఆక్షేపణ ఆసుపత్రి నుంచి వస్తుంది. మింగలేని రోగులు గొట్టంలోంచి వచ్చే ద్రవంతో ఏళ్ల తరబడి బతకడం లేదా? బతుకుతున్నారు, అది వైద్యం సాధించిన గొప్ప విషయం. 1965లో కాలిఫోర్నియాలోని వాకవిల్ జైలు ఖైదీలు కొందరు రసాయనాలతో కూర్చిన ద్రవాహారం మీద 19 వారాలు గడిపి ఆరోగ్యంగానే బయటపడ్డారు. ఆ ప్రయోగం వ్యోమగాముల కోసం చేసింది. కానీ 1973లో అంతరిక్షంలోకి పోయిన స్కైలాబ్‌లో ఫ్రీజర్ పెట్టారు, తినడానికి బల్ల పెట్టారు. ఆ ద్రవం ఆసుపత్రికి వెళ్లింది, అక్కడే దాని అసలు అవసరం ఉంది. ఆసుపత్రిలో కూడా అది ఒంటరిగా పనిచేయదు. వెనక రక్త పరీక్షలు, వైద్యుడి కన్ను ఉంటాయి. మొదటి రోజుల్లో రక్తనాళం ద్వారానే పోషణ పొందిన రోగుల్లో జింకు, సెలీనియం లోపాలు కనబడ్డాకే ఆ ద్రవాల జాబితా పెరిగింది. రోగికి ఎవరో కాపలా కాస్తున్నారు. డబ్బా కొనుక్కున్నవాడికి ఆ కాపలా లేదు.

శాస్త్రం అప్పటిది, ఇప్పుడు అన్నీ తెలుసు కదా అనే మాటకు పసిపిల్లల డబ్బా పాలే సమాధానం. ప్రపంచంలో అంతగా పరిశోధన జరిగిన పొడి ఇంకొకటి లేదు. 1978-79లో అమెరికాలో ఒక కంపెనీ తన సోయా ఆహారంలో ఉప్పు తగ్గించబోయి క్లోరైడ్ లేకుండా చేసింది. పిల్లలు జబ్బుపడ్డారు, 1980లో దానికోసమే చట్టం వచ్చింది. 2003లో ఇజ్రాయెల్‌లో అమ్మిన ఒక డబ్బాలో బి1 విటమిన్ లేక పసివాళ్లు చనిపోయారు. బి1 ఏమిటో అప్పటికి డెబ్బై ఏళ్లకు పైగా తెలుసు. తెలియనిదే కాదు, తెలిసిందీ తప్పిపోతుంది. పది రకాలు తినే ఇంట్లో ఒకరోజు పప్పు మాడినా మర్నాడు సర్దుకుంటుంది. ఒకే డబ్బా మీద బతికేవాడికి ఆ డబ్బాలో జరిగిన పొరపాటు పూటపూటా మళ్లీ జరుగుతుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే ఆక్షేపణ ఇంకొకటి ఉంది. వంట ఎవరు చేస్తున్నారు? తరతరాలుగా ఆడవాళ్లు. కంచం గొప్పతనం చెప్పేవాళ్లు చాలాసార్లు ఆ కంచం ఎవరో వడ్డించినవాళ్లే. పొడి ఆ చాకిరీ నుంచి విడుదల చేస్తే తప్పేమిటి? ఈ ప్రశ్నలోని న్యాయాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అయితే మన ఇళ్ల చరిత్రలో ఆ బరువు తగ్గించినవి వేరు. పిండిమర తిరగలిని ఆపింది. గ్యాసు పొయ్యి ఊదుడుగొట్టాన్ని మూలకు పెట్టింది. ప్రెషర్ కుక్కరు, గ్రైండరు వచ్చాయి, పట్నాల్లో కర్రీ పాయింట్లు వచ్చాయి. ఇవన్నీ వంటను తేలిక చేశాయి, లేదా ఇంటి బయటికి తీసుకెళ్లి దానికి వెల కట్టాయి. హార్లిక్స్ గ్లాసు మాత్రం కలపాల్సిన ఇంకో గ్లాసుగానే వచ్చి చేరింది, అదీ ఆవిడ చేతికే. బడి భోజనంలో ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం. బడుల్లో వండిన భోజనమే పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కొన్నేళ్లకు వేడి భోజనం బదులు బిస్కెట్లు ఇవ్వాలని తయారీదారుల సంఘం పార్లమెంటు సభ్యుల ద్వారా అడిగించింది. 2008లో కేంద్రం దాన్ని తోసిపుచ్చింది. పొట్లాలకు లెక్క సులువు, కొనుగోలు సులువు, అందుకే ఆ ఒత్తిడి మళ్లీ మళ్లీ వస్తుంది. వండిన భోజనం నిలిచింది, కానీ వండే మనిషికి 2009 నుంచి కేంద్రం లెక్కగట్టిన గౌరవ వేతనం నెలకు 1000 రూపాయలే, మిగతాది రాష్ట్రాల దయ. పొడి మీద పెట్టే శ్రద్ధలో సగం ఆ వేతనం మీద పెట్టి ఉంటే ఈ ఆక్షేపణకు చాలావరకు జవాబు దొరికేది.

2013 జాతీయ ఆహార భద్రతా చట్టం రెండో షెడ్యూలులో పొడికీ భోజనానికీ విడివిడిగా చోటుంది. ఆరు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు ఇంటికి తీసుకెళ్లే ఆహారం, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు పొద్దుటి చిరుతిండి, వేడిగా వండిన భోజనం. 2013లో రెండు వరుసల్లోనూ పెట్టిన లెక్క ఒకటే, రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రొటీను. తెలంగాణలో మొదటి వరుసకు వెళ్లేది బాలామృతం, గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనెలతో హైదరాబాద్ నాచారంలో తయారవుతుంది, బిడ్డకు నెలకు రెండున్నర కిలోలు. అంగన్‌వాడీ దాకా నడిచి రాలేని, తనంతట తాను కలుపుకు తినలేని బిడ్డకు ఆ పొట్లం ఇంటికి వెళ్తుంది. మూడేళ్లు నిండి బిడ్డ నడిచి వస్తే పొట్లం ఆగిపోయి, అంగన్‌వాడీలో కంచం పెడతారు.